తలలు లెక్కపెట్టిన శాస్త్రజ్ఞుడు: వాంట్ హాఫ్

విద్యార్థి సంఘం కార్యదర్శి, మరో ఇద్దరు సభ్యులు కలిసి మా ఇంటికి వచ్చి, ఈ ఏటి సావనీరుకు ఎవరైనా మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వమన్నారు. నేను పూర్వవిద్యార్థిని, పైగా కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి వ్రాస్తానని వాళ్ళు అనుకొని ఉంటారు. ఆయన గురించి నాకంటే బాగా వ్రాయగలవారు చాలామంది ఉన్నారు. నేను మాత్రం యాకోబస్ హెన్రికస్ వాంట్ హాఫ్ అనే ఒక హాలెండు పెద్దమనిషి గురించి వ్రాస్తాను. ఆయన పేరు మీకందరికీ తెలుసు. పరీక్ష ముందురోజు రాత్రి వాంట్ హాఫ్ గుణకాన్ని బట్టీ పట్టనివారు మనలో ఎవరున్నారు? అయితే ఆ గుణకం వెనుక ఒక మనిషి ఉన్నాడని నాకు తెలిసింది ఒక అవమానం జరిగాక. కనుక ముందుగా ఆ సంగతి చెప్పాలి.

అది 1982వ సంవత్సరం. బి.ఎస్సీ. రెండో ఏడు చదువుతున్నాను. మాది కొల్లేటి లంక గ్రామం. వానాకాలం వచ్చిందంటే దోనె ఎక్కితేగాని రోడ్డు కనిపించేది కాదు. అందుచేత తాడేపల్లిగూడెంలో పిన్నిగారింట్లో ఉండి, రోజూ పొద్దున్నే పాసెంజరు బండిలో ఏలూరు వచ్చేవాణ్ణి. ఆ ఏడు సైన్సు ఎగ్జిబిషనులో ఎవరూ చెయ్యనిది చెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. కోడిగుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తు అణుభారం కనిపెడదామనుకున్నాను. ఉప్పుగాని చక్కెరగాని కలిపితే నీరు సున్నా డిగ్రీలకంటే కాస్త దిగువన గడ్డకడుతుంది. ఎంత దిగువన అన్నది కొలిస్తే అందులో కలిసినదాని అణుభారం లెక్క వేయవచ్చు. సూత్రం పుస్తకంలో ఉంది, బెక్‌మన్ థర్మామీటరు ల్యాబులో ఉంది. చేపల పెట్టెలకు ఐసు అమ్మే ఫ్యాక్టరీ నుంచి ఒక దిమ్మ తెచ్చుకున్నాను.

తెల్లసొనలో సుమారు పదోవంతు మాంసకృత్తులే. దాన్ని నీటితో పదింతలు పలచన చేసి వడగడితే లీటరుకు 10 గ్రాముల చొప్పున ఉన్న ద్రావణం వచ్చింది. అది మంచినీటికంటే 0.045 డిగ్రీలు దిగువన గడ్డకట్టింది. నీటి స్థిరాంకం 1.86ను 10తో గుణించి 0.045తో భాగించాను. 413 వచ్చింది. ఆ అంకెను ఎర్రసిరాతో చార్టు మీద ఇంత లావున వ్రాసి తగిలించాను.

ఎగ్జిబిషను చూడటానికి బయటి ఊరినుంచి వచ్చిన ఒక పెద్దాయన నా చార్టు దగ్గర ఆగారు. చక్కెర అణుభారం 342 కదా, గుడ్డులోది 413 అయితే మీ కోళ్ళు చక్కెర గుడ్లు పెడుతున్నాయా అని అడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. మొఫసలు కాలేజీల్లో ఈ ప్రయోగాలు దేనికి, ఉన్న పాఠం అప్పజెబితే చాలునని ఆయన మరో బల్ల దగ్గరకు వెళ్ళిపోయారు. నేను చార్టు చింపేశాను. ఆ శనివారం ఇంటికి పోయి, ఇక చదవను, నాన్నతో కలిసి చేపల వ్యాపారం చూసుకుంటాను అని చెప్పేశాను. నాన్న ఏమీ అనలేదు.

సోమవారం పుస్తకాలు లైబ్రరీలో ఇచ్చేద్దామని వచ్చిన నన్ను మా కెమిస్ట్రీ మాష్టారు వరండాలో పట్టుకున్నారు. మందలించలేదు. తన బీరువాలోంచి అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి, రైల్లో చదువు, అయ్యాక మాట్లాడదాం అన్నారు. అది వాంట్ హాఫ్ జీవితం. భీమడోలు దాటాక మొదలుపెట్టాను. వారం రోజులు పట్టింది.

వాంట్ హాఫ్ 1852 ఆగస్టు 30న రాటర్‌డాం పట్టణంలో పుట్టారు. తండ్రి డాక్టరు. రసాయనశాస్త్రం నమ్ముకుంటే కూడు పెట్టదని ఇంట్లోవారి భయం. మన ఇళ్ళలో లాగానే! అందుచేత డెల్ఫ్టులో ఇంజనీరింగు లాంటి సాంకేతిక చదువులో చేర్చారు. సెలవుల్లో ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. రోజూ అదే పని, అదే వాసన. బ్రతుకంతా ఇలా వెళ్ళదీయలేను అనుకొని మళ్ళీ శుద్ధ శాస్త్రంలోకి మళ్ళారు. లేడెన్‌లో లెక్కలు, బాన్‌లో కెకూలే దగ్గర, పారిస్‌లో వుర్ట్జ్ దగ్గర రసాయనం నేర్చుకొని, 1874లో ఉట్రెక్ట్‌లో డాక్టరేటు పుచ్చుకున్నారు.

అదే ఏడు, ఇరవైరెండేళ్ళ వయసులో, ఆయన ఒక చిన్న కరపత్రం అచ్చువేశారు. కార్బను పరమాణువు నాలుగు చేతులూ కాగితం మీద గీసినట్టు బల్లపరుపుగా ఉండవు, చతుర్ముఖి నాలుగు మూలలకూ చాచి ఉంటాయి అని అందులో చెప్పారు. ఈనాడు ఇంటర్మీడియట్ పిల్లవాడు కూడా గీసే బొమ్మ అది. ఆనాడు మాత్రం పెద్దలు దాన్ని పట్టించుకోలేదు. ఆయనకు సరైన ఉద్యోగమూ దొరకలేదు. కొంతకాలం ట్యూషన్లు చెప్పుకొని, 1876లో ఉట్రెక్ట్‌లోని పశువైద్య పాఠశాలలో లెక్చరరుగా చేరారు.

1877లో ఆ కరపత్రం సంగతులు జర్మను భాషలోకి వచ్చాయి. అప్పుడు లైప్జిగ్‌లో కోల్బే అనే ప్రొఫెసరు ఉండేవారు. రసాయనశాస్త్రంలో ఆయన మాటకు తిరుగులేదు. ఆయన తన పత్రికలో ఈ కుర్రవాణ్ణి ఏకిపారేశారు. పశువుల డాక్టర్ల బడిలో పనిచేసే ఈ మనిషికి నిజమైన పరిశోధన రుచించలేదనీ, ఆ బడిలోంచే రెక్కల గుర్రం ఒకటి అరువు తెచ్చుకొని ఎక్కి ఎగురుతున్నాడనీ ఎద్దేవా చేశారు. సిద్ధాంతంలో తప్పేమిటో చెప్పింది తక్కువ, మనిషి పనిచేసే చోటు గురించి అన్నది ఎక్కువ. ఈ ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి, కైకరం స్టేషను వచ్చి వెళ్ళేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

వాంట్ హాఫ్ తిట్టుకు తిట్టు ఇవ్వలేదు. మరుసటి ఏడు, 1878లో, ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు అయినప్పుడు తన ప్రారంభోపన్యాసానికి శాస్త్రంలో ఊహాశక్తి అన్న విషయం ఎంచుకున్నారు. సుమారు రెండువందలమంది శాస్త్రజ్ఞుల జీవితాలు చదివి, వారిలో గొప్పవారు చాలామందికి ఊహ చేసే అలవాటు ఉందని చూపించారు. రెక్కల గుర్రం మాట ఎత్తకుండానే జవాబు చెప్పారు.

ఆమ్‌స్టర్‌డాంలోనే ద్రావణాల కథ మొదలైంది. ఆయన తోటి ఆచార్యుడు హ్యూగో డి వ్రీస్ వృక్షశాస్త్రజ్ఞుడు. మొక్కల కణాలను ఉప్పునీళ్ళలో, చక్కెర నీళ్ళలో వేసి, ఏ గాఢత దగ్గర లోపలి పదార్థం గోడనుంచి విడిపడి ముడుచుకుంటుందో చూస్తుండేవారు. ఈ ప్రయోగం మీరూ చేసే ఉంటారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు పక్కనే పిన్నిగారిల్లు గనుక నాకు ఉల్లిపొరకు కరువులేదు. పొరను ఉప్పునీటిలో ముంచి సూక్ష్మదర్శినిలో పెడితే, గదిగదిలోనూ లోపలిది ముడుచుకుపోతూ కళ్ళముందే కనబడుతుంది. పలచని వైపునుంచి చిక్కని వైపుకు నీరు పోవడమే ద్రవాభిసరణం. పోతున్న ఆ నీటిని ఆపడానికి ఎంత ఒత్తిడి పెట్టాలో అదే ద్రవాభిసరణ పీడనం.

ఫెఫర్ అనే జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పీడనాన్ని 1877లోనే కొలిచి అచ్చువేశాడని డి వ్రీస్ ఆయనకు చెప్పారు. ఫెఫర్ మట్టిపాత్ర గోడలోపల కాపర్ ఫెర్రోసయనైడ్ పొర ఏర్పరచి, లోపల చక్కెర నీరు పోసి, పాదరసం ఎంత ఎత్తు లేస్తుందో చూశాడు. నూటికి ఒక పాలు చక్కెరకు సుమారు 53.5 సెంటీమీటర్లు, నాలుగు పాళ్ళకు సుమారు 208 సెంటీమీటర్లు. వేడి పెరిగినకొద్దీ పీడనమూ పెరుగుతోంది. వృక్షశాస్త్రంవారి పుస్తకంలో పడి ఉన్న ఈ అంకెలను రసాయనశాస్త్రం మనిషి చూడగానే ఆయనకు వాయువులు జ్ఞాపకం వచ్చాయి. గాఢతతో పాటు పీడనం, ఉష్ణోగ్రతతో పాటు పీడనం. బాయిలు, చార్లెసు, అవగాడ్రోలు వాయువుకు చెప్పినదే కదా ఇది!

పై అంకెనే సరిచూద్దాం. లీటరులో 10 గ్రాముల చక్కెర అంటే 10ని 342తో భాగించగా 0.0292 మోలు. దాన్ని వాయు స్థిరాంకం 0.0821తోను, 14 డిగ్రీల సెంటీగ్రేడు అంటే 287 కెల్విన్లతోను గుణిస్తే 0.689 అట్మాస్ఫియర్లు, అనగా 52 సెంటీమీటర్ల పైచిలుకు పాదరసం. ఫెఫర్ కుండ చెప్పిందీ దాదాపు ఇంతే. చక్కెర నీళ్ళలో కరిగిపోయి ఉన్నా, ఆ నీరంత ఖాళీ చోటులో వాయువై తిరుగుతుంటే ఎంత నెట్టేదో అంతే నెట్టుతోంది.

1885 మొదలు 1887 వరకు వాంట్ హాఫ్ ఈ పని పూర్తిచేశారు. ఫ్రాన్సులో రౌల్ట్ విడిగా కొలుస్తూ వచ్చిన గడ్డకట్టే స్థానం తగ్గుదల, బాష్పపీడనం తగ్గుదల కూడా ఇదే నియమానికి అక్కచెల్లెళ్ళని ఉష్ణగతిశాస్త్రంతో నిరూపించారు. మనం కణాధార ధర్మాలని చదివే నాలుగింటికీ అలా ఒకే ఇంటిపేరు వచ్చింది. వీటిలో ద్రావణం చూసేది బరువును కాదు, తలలను. ఎన్ని కణాలున్నాయన్నదే లెక్క. కణం ఏనుగంతదా, దోమంతదా అన్నది దానికి పట్టదు.

అయితే ఉప్పు మాత్రం లెక్కకు లొంగలేదు. ఎన్ని కణాలు వేశామో దాదాపు దానికి రెట్టింపు ఉన్నట్టు ప్రవర్తించింది. ఆయన దాన్ని దాచిపెట్టలేదు. సమీకరణంలో ఒక గుణకం చేర్చి, కారణం చెప్పకుండానే అచ్చుకు ఇచ్చారు. 1887లో స్వీడను యువకుడు ఆరీనియస్, ఉప్పు నీళ్ళలో రెండు అయానులుగా విడిపోతుందని చెప్పి ముడి విప్పారు. తాను తెలుసుకోలేనిచోట ఖాళీ వదిలిపెట్టినందువల్లే మరొకరు దాన్ని పూరించగలిగారు.

పుస్తకం ఇక్కడిదాకా చదివాక మాష్టారి దగ్గరకు వెళ్ళాను. ఆయన ఒక కాగితం ఇచ్చి లెక్క వెయ్యమన్నారు. గుడ్డు ఆల్బుమిను అణుభారం సుమారు 45,000. లీటరుకు 10 గ్రాములు వేస్తే 0.000222 మోలు. అయితే నీరు ఎంత దిగువన గడ్డకట్టాలి? 0.0004 డిగ్రీలు! నా బెక్‌మన్ థర్మామీటరు మీద అతి చిన్న గీత 0.01 డిగ్రీ. మాంసకృత్తు చూపించే మార్పు ఆ గీతలో ఇరవైనాలుగో వంతు. మరి నాకు కనిపించిన 0.045 ఎవరిది అని మాష్టారు అడిగారు. నాకు నోట మాట రాలేదు.

అప్పుడాయన రెండో లెక్క వేయించారు. లీటరులో పదోవంతు గ్రాము ఉప్పు. అంటే మాంసకృత్తు బరువులో నూరోవంతు. 0.1ని 58.5తో భాగించి, రెండు అయానులు గనుక రెట్టిస్తే 0.0034. మాంసకృత్తు తలలకంటే పదిహేను రెట్లు. తెల్లసొనలో సహజంగానే లవణాలు, కాస్త గ్లూకోజు ఉన్నాయి. నా థర్మామీటరు లెక్కపెట్టినవన్నీ వాటి తలలే. ఆ గుంపులో నా మాంసకృత్తు కనబడనే లేదు. అంటే 413 అన్నది ప్రయోగం తప్పి వచ్చిన అంకె కాదు. నేను ఒక ప్రశ్న అడిగితే నీరు మరొక ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పింది.

మరి ఈ లవణాలను వదిలించేది ఎలా? మీ ఇంట్లో ఉప్పుచేప వండేముందు ఏం చేస్తారు అని మాష్టారు అడిగారు. నవ్వొచ్చింది. మా అమ్మ ఉప్పుచేపను నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి, ఇలా మూడుసార్లు చేసేది. ఉప్పు నీళ్ళలోకి పోయేది, చేప చేపలా ఉండేది. మన చిక్కంతా అందులోనే తీరిపోయింది అన్నారాయన. సెల్లోఫేను కాగితానికి వల కళ్ళలాంటి సన్నని రంధ్రాలుంటాయి. నీరు, ఉప్పు వాటిలోంచి అటూ ఇటూ పోతాయి. మాంసకృత్తు పట్టదు. తెల్లసొన ద్రావణాన్ని సెల్లోఫేను సంచిలో కట్టి, బయట కొద్దిగా ఉప్పు కలిపిన నీరు పెట్టి మారుస్తూ పోతే, చివరకు లోపలా బయటా ఉప్పు దాదాపు సమం అవుతుంది. రెండు వైపులా ఉన్నవాడు ఏ వైపూ నెట్టడు. సంచిలోంచి బయటికి రాలేనివాడి తలలే లెక్కకు వస్తాయి. ఉప్పును పూర్తిగా తీసేయకుండా కొంత ఎందుకు ఉంచాలో కూడా చెప్పారు. మాంసకృత్తు మీద విద్యుదావేశం ఉంటుంది. అది చిన్న అయానులను తనవైపు లాగి లెక్క చెడగొడుతుంది. రెండువైపులా తగినంత ఉప్పు ఉంటే ఆ ప్రభావం అణగిపోతుంది.

ఇక మూడో లెక్క. 0.000222ను 0.0821తోను, మన ఏలూరు గది వేడి 300 కెల్విన్లతోను గుణిస్తే 0.0055 అట్మాస్ఫియరు. పాదరసంలో నాలుగు మిల్లీమీటర్లు. నీళ్ళలో అయితే సుమారు ఐదున్నర సెంటీమీటర్లు! థర్మామీటరుకు అందనిది స్కూలు పిల్లవాడి స్కేలుకు అందుతోంది. అదే ద్రావణం, అవే తలలు. కొలిచే దారి మారింది.

మాష్టారూ నేనూ కలిసి చేశాం. చెడిపోకుండా రెండు చుక్కల టోలీన్ వేశాం. సంచి మూతికి సన్నని గాజుగొట్టం బిగించాం. మొదటి సంచి కారిపోయింది. రెండోది ముడి దగ్గర చిరిగింది. మూడోది నిలిచింది. మూడు రోజులకు గొట్టంలో మట్టం, సన్నగొట్టంలో నీరు తనంత తానే ఎక్కే ఎత్తు తీసివేయగా, ఐదు సెంటీమీటర్ల దగ్గర ఆగింది. లెక్క వేస్తే అణుభారం యాభైవేల చిల్లర వచ్చింది. తెల్లసొనలో ఆల్బుమిను ఒక్కటే కాదు, ఇంకా అనేక మాంసకృత్తులున్నాయి గనుక అది సగటు మాత్రమే. పైగా మా పనిలో మొరటుతనం ఉంది. అయినా 413కూ దీనికీ మధ్య నూరు రెట్లకు మించిన దూరం.

పెద్ద ల్యాబుల్లో జరిగింది కూడా ఈ దారినే. డెన్మార్కులో సోరెన్‌సెన్ 1917లో గుడ్డు ఆల్బుమినుకు ద్రవాభిసరణ పీడనం కొలిచారు. కేంబ్రిడ్జిలో అడేర్ 1925లో హీమోగ్లోబినుకు అణుభారం సుమారు 67,000 అని ఈ పద్ధతిలోనే తేల్చారు. ఇనుము పాళ్ళను బట్టి వేసిన పాత లెక్కకు అది నాలుగు రెట్లు. అంటే ఒక్కో అణువులో నాలుగు ఇనుప పరమాణువులున్నాయన్నమాట.

మన నెత్తురులో ఈ లెక్క రోజూ జరుగుతూనే ఉంది. లీటరు ప్లాస్మాలో మాంసకృత్తులు సుమారు 70 గ్రాములు. ప్లాస్మా మొత్తం ద్రవాభిసరణ పీడనం ఏడున్నర అట్మాస్ఫియర్లు కాగా, అంత బరువున్న మాంసకృత్తుల వంతు పాదరసంలో 25 మిల్లీమీటర్లు మాత్రమే. నూటికి అరవంతు కూడా లేదు. కాని లవణాలు రక్తనాళం గోడ దాటి అటూ ఇటూ పోతాయి, మాంసకృత్తులు అంత తేలికగా పోవు. నాళంలో నీటిని పట్టి ఉంచేది ఆ కొద్దిపాటి 25 మిల్లీమీటర్లే అని ఇంగ్లండులో స్టార్లింగు 1896లో చెప్పారు. మూత్రంలో మాంసకృత్తులు పోయే జబ్బులో కాళ్ళు నీరుపట్టడానికి ఇదొక కారణం.

ఇవన్నీ చాలామటుకు వాంట్ హాఫ్ చూడలేదు. ఆయన 1896లో బెర్లిను వెళ్ళి, స్టాస్‌ఫర్ట్ ఉప్పు గనులలో లవణాలు ఏ క్రమంలో పేరుకున్నాయో పరిశోధించారు. 1901లో నోబెల్ బహుమతులు ఆరంభమైనప్పుడు రసాయనశాస్త్రంలో మొట్టమొదటిది, చర్యల వేగ నియమాలకు, ద్రవాభిసరణ పీడనానికి, ఆయనకే వచ్చింది. 1911 మార్చి 1న, యాభైఎనిమిదేళ్ళ వయసులో, బెర్లిను దగ్గర క్షయవ్యాధితో కన్నుమూశారు. తన నియమం పలచని ద్రావణాలకే వర్తిస్తుందని ఆయనే హద్దు గీసి వెళ్ళారు. అందుకే ఈనాటికీ మాంసకృత్తుల లెక్కలో రెండు మూడు గాఢతల దగ్గర కొలిచి, సున్నా గాఢతకు గీత పొడిగించి చూస్తారు.

నేను చదువు మానలేదని వేరే చెప్పనక్కరలేదు. ఆ పెద్దాయన మీద ఇప్పుడు కోపం లేదు. అంకె తప్పన్నది నిజమే. అయితే ఎందుకు తప్పిందో చెప్పి ఉంటే ఆయనకు రెండు నిమిషాలు పట్టేది. మా మాష్టారు ఆ రెండు నిమిషాలకు బదులు రెండు నెలలు ఖర్చుపెట్టారు. ఆయన ఇప్పుడు లేరు. లెక్చరరు మిత్రులు, పిల్లవాడి తప్పు లెక్క ఎదుట పడినప్పుడు, అది ఏ ప్రశ్నకు జవాబో ఒక్కసారి వెతకవలసిందిగా మనవి.

గొట్టంలో మట్టం ఆగిన రోజు ఇంటికి వెళ్ళి అమ్మకు అంతా వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని, ఇది తెలుసుకోవడానికి గూడెం నుంచి ఏలూరు దాకా రోజూ రైలెక్కాలా నాయనా అని అడిగింది. అమ్మకు చెప్పవలసిన జవాబు నాకు అప్పుడు తెలియలేదు. ఉప్పు పోతుందని మనకు ముందే తెలుసు, ఎంత పోయిందో, ఎవరు మిగిలారో లెక్కపెట్టడానికి వెళ్ళానమ్మా అని ఇప్పుడైతే చెబుదును.

విద్యార్థి మిత్రులారా, సెల్లోఫేను, గుడ్డు, గాజుగొట్టం, స్కేలు. ఇంతకు మించి ఖర్చు లేదు. మీలో ఎవరైనా చేసి చూడండి. మీకు యాభైవేలకు బదులు మరేదైనా వస్తే చార్టు చింపకుండా నా దగ్గరకు తీసుకురండి.